రుచి చూస్తే తిన్నట్టా?

ఆ బేకరీలో ఒక రివాజు ఉంది. పొయ్యిలోంచి బయటికి వచ్చిన ప్రతి ట్రేలోంచి మొదటి ముక్క మాస్టర్ నోట్లో పడాలి. ఆ తర్వాతే ట్రే షాపులోకి వెళ్ళాలి. బన్ను కావచ్చు, బిస్కెట్టు కావచ్చు, కేకు మీద పూసే క్రీము కావచ్చు, ఇంకా పిండిలో కలవని ఉత్త వెన్న కావచ్చు, మాస్టర్ నాలుక సరేనంటేనే అది సరుకు. ఈ పద్ధతి పెట్టింది షాపు తెరిచిన తండ్రి. "మన నోటికి నచ్చనిది ఊరి నోట్లో పెట్టకూడదురా" అనేవాడు ఆయన. తండ్రి తర్వాత పెద్దకొడుకు మాస్టర్ అయ్యాడు. ఆ పెద్దకొడుకు యాభై నిండకుండానే, ఒక మామూలు పొద్దుటిపూట, బ్రెడ్డు ట్రే బల్ల మీద పెట్టి, పక్కనున్న స్టూలు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. అప్పుడు చిన్నకొడుకు మాస్టర్ అయ్యాడు. ఈ కథ ఆ చిన్నవాడిది.

చిన్నవాడంటే మరీ చిన్నవాడేం కాదు. తలలో సగం నెరిసింది, అందులో కొంత పిండి అని అతను బుకాయిస్తాడు గానీ నమ్మేవాళ్ళు లేరు. అయినా ఊరందరికీ అతను చిన్న మాస్టరే. అన్న పోయి తొమ్మిదేళ్ళు గడిచినా పెద్ద మాస్టర్ అనే మాట అన్నకే ఉండిపోయింది. అతనికీ అదే ఇష్టం. పిండి ఎంతసేపు పిసకాలో, పొయ్యి తలుపు తీసినప్పుడు మొహానికి తగిలే వేడిని బట్టి బన్నులు ఎప్పుడు పెట్టాలో, అన్నీ నేర్పింది అన్నే మరి.

మనిషి సన్నం. వెన్న ముద్దల మధ్య పుట్టి పెరిగి ఈ పుల్ల ఎలా తయారయిందని వీధిలో అందరూ నవ్వుకుంటారు. "ఏం తిన్నా ఒంటికి పట్టదండీ మాకు" అని అతను కాస్త గర్వంగానే చెప్పుకునేవాడు. పొగ లేదు, తాగుడు లేదు. తెల్లారకముందే లేస్తాడు, పగలంతా నిలబడే ఉంటాడు, పిండి బస్తా అవలీలగా భుజానికెత్తుకుంటాడు. ఇలాంటివాడికి జబ్బేమిటి? ఎవరైనా అలాగే అనుకుంటారు. అన్న గురించీ అందరూ అలాగే అనుకున్నారు.

షాపు వెనకభాగం అతనిదైతే ముందుభాగం వదినది. భర్త పోయిన నెలకే ఆవిడ కౌంటర్లో కూర్చుంది, అప్పటినుంచీ లేవలేదు. రెండు భాగాలకూ మధ్య గోడలో ట్రేలు అందించే కిటికీ ఒకటుంది. ఆ కిటికీలోంచి వదినా మరిదీ పొద్దస్తమానం మాటలు విసురుకుంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు కొందరు ఆ మాటలు వినడానికే మరో రెండు నిమిషాలు నిలబడతారు.

"మరిదిగారూ, బన్నులు ఇవాళ వస్తాయా, మా మనవల కాలానికి వస్తాయా?"

"నీ నోరు ఆడినంత వేగంగా పొయ్యి కాలదు వదినా."

"కాలకపోతే చెప్పు, నేనొచ్చి దాని ముందు కూర్చుంటాను."

ఇలా ఉంటుంది వాళ్ళ వరస. ఆవిడకి ఒక్కతే కూతురు. ఊళ్ళో ఈతకొలను దగ్గర పిల్లలకి ఈత నేర్పుతుంది. పాతికేళ్ళ పిల్ల, తండ్రి పోలిక, చువ్వలా ఉంటుంది. సాయంత్రం తడి జుట్టుతోనే షాపుకి వచ్చి, "బాబాయ్, ఆకలి" అంటుంది. వేడిగా ఉన్న బన్ను ఏదో ఒకటి ఆ చేతిలో పెట్టకుండా చిన్న మాస్టర్ పొయ్యి చల్లార్చిన రోజు లేదు. తనకున్న కొడుకు కంటే ఈ పిల్లంటేనే అతనికి ఒక పిసరు ఎక్కువ మమకారమని అతని భార్యే అంటుంది. తండ్రి లేని పిల్ల కదా, ఆ పిసరు న్యాయమేనని కూడా ఆవిడే అంటుంది.

గొడవంతా కళ్ళజోడుతో మొదలైంది. ఈస్టు పొట్లాల మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయని చిన్న మాస్టర్ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు కళ్ళలోకి చూడ్డం మానేసి కనురెప్పల మీద లైటు వేసి చూశాడు. రెండు కళ్ళకీ ముక్కు పక్క మూలల్లో, రెప్పల మీద, పసుపుపచ్చటి చిన్న మచ్చలున్నాయి.

"ఇవి ఎన్నాళ్ళనించి ఉన్నాయండీ?"

"చాలా ఏళ్ళయింది. వెన్న మచ్చలంటాం మేం. మా వృత్తిలో ఉంటాయిలెండి, మా అన్నకీ ఉండేవి."

"మీ అన్నయ్యగారు ఇప్పుడెలా ఉన్నారు?"

అతను చెప్పాడు. డాక్టరు లైటు బల్ల మీద పెట్టేశాడు. "ఇవి ఉన్నవాళ్ళందరికీ రక్తంలో కొవ్వు ఉండి తీరాలని లేదు. కానీ మీ ఇంటి సంగతి విన్నాక మిమ్మల్ని ఇలా పంపించలేను. కళ్ళజోడు ఎక్కడికీ పోదు, ముందు రక్తం పరీక్ష చేయించుకోండి" అన్నాడు.

ఆ మచ్చల మీద షాపులో ఎన్ని జోకులు పేలాయో లెక్కలేదు. పెద్ద మాస్టర్ బతికున్న రోజుల్లో, "మీ ఆయన కళ్ళక్కూడా వెన్న రాసుకుంటాడా అమ్మా?" అని అడిగి అందరూ నవ్వేవారు. వదినా నవ్వేది. పమిట చెంగుతో భర్త రెప్పలు తుడవబోయేది.

పరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ రెండువందలు దాటి ఉంది. ఆ కాగితం చూసి, వంద లోపుంటే బాగుండేదని గుండెజబ్బుల డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ నెమ్మదస్తురాలు, ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి. చిన్న మాస్టర్‌కి మాత్రం ఆ కాగితంలో ఉన్నది తన రక్తమేనా అని అనుమానం.

"లావుగా ఉండేవాళ్ళకి కదండీ ఇది వచ్చేది?"

"మీ నడుం కొలతతో దానికి పని లేదండీ. కొలెస్ట్రాల్‌లో చాలాభాగం మన లివరే తయారుచేస్తుంది. ఒంటికి అది కావాలి కూడా. ఎక్కువైనదాన్ని రక్తంలోంచి తీసేసే పని కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. మీది అలాంటి కుటుంబం అనిపిస్తోంది. దానిమీద వెన్నా క్రీమూ తోడైతే చెప్పక్కర్లేదు. నొప్పుండదు, నీరసముండదు. రక్తనాళాల గోడల్లో ఏళ్ళ తరబడి ఊరికే పేరుకుంటూ ఉంటుంది. గుండెకి రక్తం అందనిరోజున గానీ..."

ఎదురుగా ఉన్న మనిషి నేలచూపులు చూస్తుండటంతో ఆవిడ మాట ఆపేసింది. తర్వాత మాత్ర రాసింది. రోజూ వేసుకోవాలి, రిపోర్టు బాగుందని మానేయకూడదు, మంచి అంకె వచ్చేదే మాత్ర వల్ల కాబట్టి. వెన్న తగ్గించాలి, కూరలూ పళ్ళూ పెంచాలి, నడవాలి. చివర్న ఇంకో మాట చెప్పింది. "మీ రక్తసంబంధీకులు అందరూ పరీక్ష చేయించుకోవాలి. మీ అబ్బాయి, మీ అన్నయ్యగారి అమ్మాయి. ఆలస్యం చేయకండి."

కొడుక్కి ఆ వారమే చేయించాడు. అంతా బాగుంది. అన్న కూతురి సంగతి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఎలా చెప్తాడు? ఆ పిల్లకి పరీక్ష అంటే ఎందుకని వదిన అడుగుతుంది. చెప్పాలంటే, నీ భర్త కళ్ళమీద మచ్చలు ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నాయి, మనమంతా నవ్వుకున్నాం అని చెప్పాలి. ఒక చిన్న మాత్రతో ఆగేదేమో అని చెప్పాలి. తొమ్మిదేళ్ళకి కాస్త మానిన పుండు మీద కారం చల్లడానికి అతనికి చేతులు రాలేదు. "కొంచెం కొవ్వుందట వదినా, మాత్రేదో ఇచ్చారు" అని తేల్చేశాడు. రేపు చెప్దాం అనుకున్నాడు. రేపులు చాలా వచ్చిపోయాయి.

ఇంట్లో అతని భార్య మాత్రం ఒక్క రేపు కూడా పోనివ్వలేదు. వంటిల్లు ఊడ్చి పారేసింది. వెన్న డబ్బా పక్కింటికి పోయింది, బాణలి అటకెక్కింది. ఉడికించిన కూరలు, చిక్కుళ్ళు, పళ్ళు, అప్పుడప్పుడు చేప. మాత్ర తనే చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. సాయంత్రం చెప్పులేసుకుని తనూ నడకకి బయల్దేరేది. అతను కిమ్మనకుండా పెట్టింది తిన్నాడు, నడవమన్నంత దూరం నడిచాడు. ఇంత చేసే మనిషి ఉండటం తన అదృష్టమని అతనికి తెలుసు. పైకి మాత్రం, "గడ్డి ఎప్పుడు పెడతావే?" అని అడిగేవాడు.

మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేస్తే అంకె తగ్గింది గానీ, ఆ మాత్రకి తగ్గాల్సినంత తగ్గలేదు. మాత్ర మానేశారా అని డాక్టరమ్మ అడిగింది. లేదని భార్య ఒట్టు పెట్టింది. బయట తింటున్నారా అని అడిగింది.

"బయట ఒక్క ముక్క ముట్టనండీ" అన్నాడు చిన్న మాస్టర్. అబద్ధం చెప్పలేదు పాపం. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

భార్య ఆ మర్నాడు కౌంటర్ దగ్గరికొచ్చి, "అక్కా, నా వంటలోనే ఏదో లోపముంది. ఎక్కడుందో తెలీటం లేదు" అని కళ్ళొత్తుకుంది. తోడికోడలి వీపు నిమిరి పంపించాక వదిన కిటికీలోంచి మరిదిని చూడటం మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన వెన్న బ్లాకు మూల గిల్లి నోట్లో వేసుకున్నాడు. క్రీము గిలక్కొట్టి వేలుతో తీశాడు. పఫ్ ట్రే వచ్చింది, అంచు విరిచాడు. కేకు కోసి చుట్టూ తీసేసిన ముక్కల్లోంచి ఒకటి, అది తడిగా ఉందేమోనని ఇంకొకటి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మనవాడు కళ్ళు తెరుచుకునే తాగుతున్నాడు, తాగుతున్నట్టు తనకే తెలీదు.

మర్నాడు వదిన కౌంటర్లో పనివాణ్ణి కూర్చోబెట్టి, డబ్బాలు సర్దే నెపం మీద వెనకగదిలో మకాం వేసింది. పక్కన ఒక స్టీలు గిన్నె పెట్టుకుంది. అతను దేంట్లోంచి ఎంత తీసి నోట్లో వేసుకుంటే ఆవిడ దాంట్లోంచి అంతే తీసి గిన్నెలో వేసింది. అతను గమనించలేదు. వదిన ఏదో ఒకటి సర్దుతూనే ఉంటుంది కదా అనుకున్నాడు.

సాయంత్రం షట్టర్ సగం దించాక ఆవిడ ఆ గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. వెన్న, క్రీము, కరిగిన చాక్లెట్టు, పఫ్ అంచులు, బిస్కెట్టు ముక్కలు కలిసి ముద్దయిపోయి ఉన్నాయి. పైన నూనె తేలుతోంది.

"ఏంటి వదినా ఇది? వీధికుక్కకా?"

"నీకే. తిను."

"ఎవరు తింటారు ఇంత? చూస్తేనే కడుపులో తిప్పుతోంది."

"నువ్వు తిన్నావు. ఇవాళ పొద్దుటినించి. గిన్నెలో ఉన్నది నీ వాటాకి జోడీ."

అతను నోరు వెళ్ళబెట్టాడు. "అది తినడం కాదు వదినా. రుచి చూడటం."

"రుచి చూస్తే తిన్నట్టు కాదా? కడుపులోకి పోకుండా నోట్లోంచే వెనక్కి తిరిగొస్తుందా? అక్కడ ఇంట్లో ఆ పిచ్చిది నూనె చుక్క లేకుండా వండిపెట్టి, తప్పు తనదేనని ఏడుస్తోంది."

చిన్న మాస్టర్ గిన్నెకేసి చూస్తూ ఉండిపోయాడు. తండ్రి ఇలాగే చూసేవాడు రుచి. అన్నా ఇలాగే చూసేవాడు. తన భార్య ఒట్టు పెట్టినప్పటి మొహం గుర్తొచ్చింది. ఇంత జాగ్రత్తగా తనని కాచుకుంటున్న ఇద్దరాడవాళ్ళకి తను ఏం చేస్తున్నాడు? అప్పుడిక గొంతులో ఉన్నది ఆగలేదు.

"వదినా, నీకు ఇంకోటి చెప్పాలి. తిట్టినా సరే విను. నా కళ్ళమీద ఉన్నవి వెన్న మచ్చలు కావు. రక్తంలో కొవ్వు ఎక్కువైతే అలా వస్తాయట. అన్నకీ అవే. ఇది మా ఇంటి రక్తంలో ఉందట. అమ్మాయికి కూడా పరీక్ష చేయించాలి."

వదిన పిండి బస్తా మీద కూలబడింది. బయట సగం దించిన షట్టర్ కింద ఎవరివో కాళ్ళు వచ్చాయి, వెళ్ళిపోయాయి.

"నేను చెంగుతో తుడిచేదాన్ని" అంది ఆవిడ. తర్వాత, "నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"మొదటి పరీక్షప్పుడే చెప్పారు."

"మూడు నెలలు. ఎందుకు చెప్పలేదు?"

"అన్న సంగతి మళ్ళీ తవ్వితే నువ్వు తట్టుకోలేవని..."

ఆవిడ లేచి నిలబడింది. తొమ్మిదేళ్ళలో అతను ఎప్పుడూ ఆ గొంతు వినలేదు. "నేను ఏడుస్తానని నా పిల్ల ప్రాణం అడ్డం పెట్టావా? ఏడిస్తే ఏమవుతుందయ్యా? ఏడ్చాను, బతికాను, నీ కళ్ళముందే ఉన్నాను. నా సంగతి నువ్వు చూడక్కర్లేదు. దాని సంగతి చూడు."

అతను తల వంచుకుని, "తప్పయింది వదినా" అన్నాడు. ఆవిడ అక్కడినుంచే కూతురికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున ఈతకి సెలవు పెట్టమంది.

ఆ పొద్దున షాపులో మొదటి ట్రే పొయ్యిలోంచి వచ్చింది. అలవాటుగా చెయ్యి వెళ్ళింది, సగం దారిలో ఆగింది. బన్ను విరిచాడు, లోపల చూశాడు, వాసన చూశాడు, వేలితో నొక్కి అది పైకి లేస్తుందో లేదో చూశాడు. అంతా బాగానే ఉందని చేతులకి తెలుస్తోంది, నాలుక మాత్రం మొండికేస్తోంది. చివరికి ఆ ముక్కని కిటికీలోంచి వదినకి అందించాడు. తండ్రి కాలం నుంచీ మాస్టర్ నోట్లో తప్ప ఇంకెవరి నోట్లోనూ పడని మొదటి ముక్క అది. ఆవిడ నిన్నటి కోపంతోనే నమిలింది.

"ఉప్పు సరిపోయింది. తీపి చాలు. పంపించు."

ఆ రోజు షాపు మూసేదాకా అతని ప్రాణం బిక్కుబిక్కుమంటూనే ఉంది. ఎవరైనా వచ్చి బన్ను మొహాన కొడతారేమో అనుకున్నాడు. రోజూ వచ్చే రిటైర్డు పోస్ట్‌మాస్టర్ ఒకాయన వచ్చి, రోజూ అనే మాటే అని, రోజూ కొన్నన్నే కొనుక్కుని వెళ్ళాడు. ఊరికి తేడాయే తెలియలేదు. నిజం చెప్పాలంటే మన మాస్టర్‌కి అది కాస్త చిన్నతనంగానే అనిపించింది.

అప్పటినుంచి రుచి చూసే పని పంచేసుకున్నారు. బ్రెడ్డూ బన్నులూ వదినవి, క్రీము పిండి కలిపేవాడిది, ఎవరికీ రోజుకి ఒకటి రెండు ముక్కలు దాటవు. కొత్త రకమేదైనా చేసి తనే చూడాల్సి వస్తే, చిన్న మాస్టర్ నాలుక మీద పెట్టుకుని, చూసి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేస్తాడు. చూడ్డానికి బాగోదు. "పోనీలే, మనిషి బాగుంటాడు" అంటుంది భార్య. షాపులో రుచుల సంగతి తెలిసిన రోజు ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. తన వంటలో లోపం లేదని తెలిసి తేలికపడిన ఆవిడ మొహం చూశాక, తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను. తర్వాతి పరీక్షలో అంకె వందకి దిగువన వచ్చింది. డాక్టరమ్మకి ఒక బ్రెడ్డు పట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వచ్చేశాడు. కళ్ళ డాక్టరుకి కూడా ఒకటి పట్టుకెళ్ళాడు. కళ్ళజోడు అక్కడే కొన్నాడు.

కానీ అదంతా తర్వాత. అంతకంటే ముందు, అమ్మాయి రిపోర్టు వచ్చిన రోజు ఉంది. పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. చిన్న మాస్టర్ మర్నాటి పిండి పిసుకుతున్నాడు, పిసకాల్సిన దానికంటే ఎక్కువే పిసుకుతున్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ వెనకతలుపులోంచి వచ్చారు. వదిన మొహంలో ఏమీ కనిపించలేదు. పిల్లే చెప్పింది.

"నీకంటే ఎక్కువుంది బాబాయ్. రోజూ అంత ఈత కొడతాను కదా, నాకెందుకుంది అని అడిగాను. ఈత మానొద్దంది డాక్టరమ్మ, కానీ ఈత ఒక్కటీ చాలదంది. మాత్ర రాసింది. ఈ వయసులో దొరకడం మంచిదయిందట. నాళాలు పాడవకముందే దొరికిందట."

 దొరికింది. ఆ ఒక్క మాట పట్టుకుని నిలబడ్డాడు. తను ఇంకొన్నాళ్ళు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ధైర్యం చాల్లేదు.

పిల్ల సంచిలోంచి మాత్రల అట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చాలా చిన్న మాత్ర. "నాన్నకి కూడా ఇదే సరిపోయేదా బాబాయ్?"

మూడు నెలలు అతను భయపడింది ఈ ప్రశ్నకే. ఈ గదిలో, వదిన వింటుండగా, ఎవరో ఒకరు ఇలా అడుగుతారనే. పిండిలో చేతులు ఆగిపోయాయి. 

"సరిపోయేదేమోనే" అంది వదిన.  "ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. నీకు మీ బాబాయ్ చెప్పాడు. వేసుకో."

కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి కూతురి చేతికిచ్చింది. పిల్ల మాత్ర మింగి, నీళ్ళన్నీ తాగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.